నూట ఎనభై ఏడో ఉత్తరం

అమెరికాలో, బెంటన్‌విల్‌లో మనవాళ్ళు ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లకి వెళ్ళేవాళ్ళలో జ్ఞానప్రసూన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. "శ్రీహర్ష గారి మిసెస్" అంటే గుర్తుపడతారు. "గుత్తొంకాయ తెస్తారు చూడండి, ఆవిడ" అంటే ఇంకా బాగా గుర్తుపడతారు. ఆవిడ హైదరాబాదులో జర్మన్ భాషలో ఎమ్మే చేసిందనీ, గోల్డ్ మెడల్ కూడా వచ్చిందనీ తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళయినా తెలిసిన పాపానికి ఒకటే అడిగేవారు. "జర్మనా? అదెందుకండీ? హాయిగా జావా నేర్చుకునుంటే ఈపాటికి జాబ్‌లో సెటిల్ అయిపోయేవారు కదా." అడిగేవాళ్ళ నోట్లో తను వండిన వంకాయే ఉండేది. ప్రసూన నవ్వి ఊరుకునేది.

రెండువేల ఆరులో పెళ్ళయి వచ్చింది. తొమ్మిదేళ్ళు, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఉంది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవడో గాని, వాడి పెళ్ళాం ఎమ్మే చదివి ఉండదు. వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి రెజ్యూమెలో తొమ్మిదేళ్ళ ఖాళీ. జర్మన్ కావాలన్న ఆఫీసు ఆ చుట్టుపక్కల ఒక్కటీ లేదు. కూతురు ఇషిత పుట్టింది, స్కూల్‌కి వెళ్ళింది. ఇల్లు సర్దడం, డ్రాప్ చేయడం, పికప్ చేయడం. అలా పదిహేనేళ్ళు గడిచాయి.

అప్పుడు కనిపించింది లైబ్రరీ గోడ మీద ఆ కాగితం. పాత జర్మన్ చేతిరాత చదవగలిగిన వాలంటీర్ కావాలి, జీతం ఇవ్వలేము అని. పక్క ఊళ్ళో ఒక పాత యాపిల్ గోదాముని మ్యూజియం చేశారు. వారానికి మూడు రోజులు తెరుస్తారు. దాన్ని నడిపే డెనీస్ ఒక అట్టపెట్టె తెచ్చి ప్రసూన ముందు పెట్టింది. అందులో నూట ఎనభై ఏడు ఉత్తరాలున్నాయి.

రాసినవాడు ఎర్విన్ లోమాన్. పందొమ్మిది వందల మూడులో జర్మనీ నుంచి వచ్చాడు. పగలంతా యాపిల్ పెట్టెలకి మేకులు కొట్టేవాడు, తీరిక దొరికితే సెయింట్ లూయిస్‌లో ఉన్న జర్మన్ పత్రికలకి కథలు రాసేవాడు. రెండు పుస్తకాలు వేశాడు. వాటిని జర్మనీలో ఎవరూ పట్టించుకోలేదు, ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. కానీ జర్మనీలో సొంతూళ్ళో చర్చి పాస్టరుగా ఉన్న తండ్రికీ తల్లికీ ఇరవై మూడేళ్ళపాటు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. మొన్నీమధ్య అక్కడెవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఈ పెట్టె చూసి, అతని మనవరాలి అడ్రస్ కనుక్కుని పంపారు. ఆవిడ దాన్ని మ్యూజియంలో ఇచ్చింది. ఇచ్చిందే గాని, అందులో ఏముందో ఒక్కరికీ తెలియదు. ఆ రాత ఇప్పటి జర్మన్లకే అంతుపట్టదు.

ప్రసూన వాళ్ళ తాతయ్య తెనాలి రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజు లేఖరి. ఆయన గొలుసుకట్టు రాత ఇంట్లో ఇంకెవరికీ కొరుకుడు పడేది కాదు, ఈ పిల్ల మాత్రం పదేళ్ళకే గడగడా చదివేది. అదే ఓపిక ఇప్పుడు పనికొచ్చింది. మూడు నెలలు కూర్చుని, ఒక్కో అక్షరాన్నీ వందలసార్లు దిద్దింది. నాలుగో నెలలో మొదటి ఉత్తరాన్ని టైపు చేసి, కింద ఇంగ్లీషు అనువాదం పెట్టి డెనీస్ చేతికిచ్చింది. డెనీస్ అది చదివి, కుర్చీలోంచి లేచి నిలబడి ఆమెకి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. ప్రసూన ఇంటికొచ్చి స్టవ్ దగ్గర నిలబడి ఏడ్చింది. ఈ దేశంలో తన చదువుకి ఒక మనిషి లేచి నిలబడటం అదే మొదలు.

ఆ మనవరాలి పేరు ట్రూడీ. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. పెద్దవాళ్ళని చూసుకునే హోమ్‌లో ఉండేది, చూపు బాగా తగ్గిపోయింది. ప్రతి గురువారం ప్రసూన అక్కడికి డ్రైవ్ చేసుకుని వెళ్ళి, ఆ వారం పూర్తిచేసిన ఉత్తరాన్ని ఇంగ్లీషులో చదివి వినిపించేది. మొదటి రోజే ట్రూడీ తనకి కావలసిందేమిటో దాచుకోకుండా చెప్పేసింది.

"మా తాత పెళ్ళి చేసుకున్నది ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే అమ్మాయిని. చదువు లేదు, మతం వేరు. పందొమ్మిది వందల పదకొండులో మా నాన్న పుట్టాడు, ఒట్టో. ప్రతి ఏడూ చలికాలం ముందు జర్మనీ నుంచి పార్సిల్ వచ్చేదట. అందులో ఊలు మేజోళ్ళు. ఎప్పుడూ ఒకే ఒక్క జత, మా తాత పాదాల సైజువి. మా నాన్న అరవై ఎనిమిదేళ్ళు బతికాడు. పోయేదాకా అంటూనే ఉన్నాడు, 'మా నాన్న నా గురించి వాళ్ళకి చెప్పలేదు ట్రూడీ, నన్ను చూసి సిగ్గుపడ్డాడు' అని. చెప్పాడో లేదో నాకు తెలియాలి. అంతే. మిగతాదంతా నువ్వూ డెనీస్ ఏం చేసుకుంటారో చేసుకోండి."

లోమాన్ ఉత్తరాలు చదువుతుంటే భలే సరదాగా ఉండేవి. ఏ బాధా లేని మనిషి, హాయిగా ఒక గదిలో, పుస్తకాల మధ్య, బెల్లో అనే కుక్కతో బతుకుతున్నట్టు ఉండేవి. కథ తిరిగొచ్చిన వారం "సంపాదకుడు చాలా మెచ్చుకున్నాడు" అని రాసేవాడు. కాలు విరిగి ఆరు వారాలు మంచం మీద ఉన్నప్పుడు "విశ్రాంతి దొరికింది, చాలా చదువుకున్నాను" అని రాశాడు. అసలు సంగతులు ఇంట్లో విని ఉన్న ట్రూడీ అవి చెప్పి, నవ్వుతూ వినేది. ఇలా దాచడం తెలుగువాళ్ళలోనే అనుకున్నాను, అందరి ఇళ్ళల్లోనూ ఇంతేనన్నమాట అనుకుని ప్రసూన కూడా నవ్వేది.

పందొమ్మిది వందల పదకొండు అక్టోబరు వచ్చింది. ఒట్టో పుట్టిన నెల. ఆ గురువారం ట్రూడీ జుట్టు దువ్వించుకుని, ముత్యాల దండ వేసుకుని కూర్చుంది. ఉత్తరంలో రెండు పేజీలు బెల్లో గురించే ఉంది. గోదాము వెనక ఏదో జంతువుతో తగవు పడి కంపు కొట్టుకుంటూ వచ్చిందట, ఆ కంపు వదలడానికి దాన్ని టమాటా రసంతో కడిగాడట. ఆ రెండు పేజీలూ అయ్యాక మేజోళ్ళు అందాయనీ సరిగ్గా సరిపోయాయనీ ఉంది.

"రెండు పేజీలు కుక్క గురించి," అంది ట్రూడీ. ముత్యాల దండ సర్దుకుని, "వచ్చే ఉత్తరంలో ఉంటుందిలే," అంది.

వచ్చే ఉత్తరంలో లేదు. దాని తర్వాతదాంట్లోనూ లేదు. ఆ తర్వాత ప్రతి గురువారం ట్రూడీ ఆ మాటే అంది. ప్రసూనకి బుధవారం నాడు అన్నం సయించేది కాదు. వందో ఉత్తరం దాటాక పేజీ తిప్పినప్పుడల్లా ముందు ఒట్టో పేరు కోసమే వెతికేది. నూట యాభై దాటాక లోమాన్ మీద ఒళ్ళు మండేది. "ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయిందయ్యా," అని మ్యూజియంలో ఒక్కతే కూర్చుని తెలుగులో తిట్టేది.

మొన్న ఫిబ్రవరిలో ట్రూడీకి న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రిలో పది రోజులుంచి, ఇంక మేం చేసేదేమీ లేదన్నట్టు మాట్లాడి హోమ్‌కి పంపేశారు. పెట్టెలో మిగిలింది ఒకే ఒక్క ఉత్తరం. నూట ఎనభై ఏడోది. పందొమ్మిది వందల ఇరవై ఆరులో తల్లికి రాసింది, తండ్రి అప్పటికే పోయాడు. ప్రసూన మంగళవారం మ్యూజియంలో కూర్చుని చదివింది. తెగుళ్ళకి యాపిల్ చెట్లు చచ్చిపోతున్నాయనీ, పన్ను పీకించుకున్నాననీ రాసి, చివర్లో ఇలా రాశాడు. "నా గురించి బెంగ పెట్టుకోకమ్మా. నాకిక్కడ ఎవరూ లేరు. నా వల్ల ఎవరికీ భారం లేదు."

ఆ రోజుకి వంటింట్లో భార్య ఉంది. పదిహేనేళ్ళ ఒట్టో ఉన్నాడు.

గురువారం ట్రూడీ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే కాగితంలా ఉంది.

"ఇదే ఆఖరుదా?"

"అవును ట్రూడీ."

"చదువు."

ప్రసూన యాపిల్ చెట్ల సంగతి చదివింది. పన్ను సంగతి చదివింది. ఆ చివరి మూడు వాక్యాల దగ్గరికి వచ్చింది. మనలో ఎవరున్నా ఆ క్షణంలో ఏం చేసేవాళ్ళమో గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకోవాలి. పెద్దవాళ్ళకి కాని కబురు చెప్పకపోవడం మన ఇళ్ళలో ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. స్కానింగ్ రిపోర్టు బీరువాలో దాచేసి "గ్యాసేనన్నాడు డాక్టరు" అనేస్తాం. ఉద్యోగం పోయినవాడు ఫోన్లో "ఆఫీసులో బిజీ" అంటాడు. అది అబద్ధమని మనకి తోచను కూడా తోచదు. ప్రసూనకీ తోచలేదు.

"అమ్మా, నాకిక్కడ ఒక కొడుకున్నాడు," అని చదివింది. "పేరు ఒట్టో. వాడి చేతులు అచ్చం నాన్న చేతులే, కణుపులు లావుగా. ఎప్పటికైనా వాణ్ణి నీకు చూపిస్తాను."

ఎక్కడా తడబడలేదు. కాగితం మీంచి కళ్ళెత్తలేదు. చేతుల సంగతి ట్రూడీ ఎప్పుడో కబుర్లలో చెప్పిందే. ట్రూడీ తల ఇటు తిప్పింది. తర్వాత, "మళ్ళీ చదువు," అంది. ప్రసూన మళ్ళీ అదే చదివింది, ఒక్క మాట కూడా మారకుండా.

మ్యూజియంలో ఫైలుకి కాపీ ఇవ్వాలి కదా. తను కల్పించిన ఆ మాటలే జర్మన్లో కూడా టైపు చేసి పెట్టింది. అక్కడ కాస్త మనసు పీకింది. పోయేమనిషి, పోనీలే అనుకుంది.

ట్రూడీ పోలేదు. అందరూ ఆశ వదులుకున్న మనిషి మార్చికల్లా లేచి కూర్చుంది, ఏప్రిల్‌కి గొట్టం తీసేశారు. నర్సుకీ, భోజనాల హాల్లో పక్కవాళ్ళకీ, చర్చి నుంచి వచ్చినవాళ్ళకీ అందరికీ "నాకిక్కడ ఒక కొడుకున్నాడు" అన్న ఆ వాక్యమే చెప్పింది. ఒకనాడు ప్రసూన చెయ్యి పట్టుకుని, మా నాన్న సమాధి రాయి మీద ఆ వాక్యం చెక్కిస్తున్నాను, మా తాత చేతిరాతలోనే ఉండాలి, రాళ్ళవాడు ఒప్పుకున్నాడు, ఆ లైన్ స్కాన్ చేసి ఇవ్వు చాలు అంది.

"కాగితం పెళుసుగా ఉంది, కాస్త ఆగుదాం," అంది ప్రసూన. మరుసటి వారం స్కానర్ పాడైందంది. ఆ పై వారం ఇంకేదో అంది. ఇంట్లో ఇషిత స్కూల్‌కి వెళ్ళాక, గాజుగ్లాసులో సిరా పోసుకుని, ఆ వాక్యాన్ని లోమాన్ రాతలో రాసి చూసింది. నాలుగేళ్ళుగా చూస్తున్న రాత, దింపేసినట్టు వచ్చింది. దాన్ని చూసి ఆమెకే భయమేసింది. ముక్కలు ముక్కలుగా చింపి సింకులో తడిపి పారేసింది. చెప్పేద్దామని రెండు గురువారాలు వెళ్ళింది కూడా. ట్రూడీ మొహం చూశాక వేరే కబుర్లు చెప్పి వచ్చేసింది.

ఇషితని డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళిన రోజు ప్రసూన మ్యూజియానికి వెళ్ళలేదు. రాళ్ళవాడు మూడోసారి ఫోన్ చేశాడని డెనీస్ తనే ఆ ఉత్తరాన్ని స్కాన్ చేసింది. ఏ లైనో ఆమెకి తెలియదు. పాత చేతిరాతలు చదివే సాఫ్ట్‌వేర్ ఈమధ్య వచ్చింది కదా, దాంట్లో వేసి వెతికింది. ఒట్టో అన్న పేరే దొరకలేదు. మళ్ళీ వేసింది. దొరకలేదు. ఉత్తరం చివర ఉన్న వాక్యాల్ని ఇంగ్లీషులోకి మార్చి చూసింది.

మర్నాడు ప్రసూన వచ్చేసరికి డెనీస్ బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి.

"ఇది పొరపాటా?" అంది డెనీస్. పొరపాటే అని చెప్పమని బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు.

"కాదు," అంది ప్రసూన. "ఆవిడ చనిపోతుందనుకున్నాను."

"ఇంకెన్నిచోట్ల ఇలా చేశావు?"

"ఇంకెక్కడా లేదు. అదొక్కటే. నిజంగా ఆ ఒక్క లైనే."

"నువ్వు చెప్తున్నావు," అంది డెనీస్. "కానీ నాకెలా తెలుస్తుంది, ప్రసూనా?"

ఆ వారంలోనే నూట ఎనభై ఏడు ఉత్తరాల అనువాదాలూ మ్యూజియం వెబ్‌సైట్‌లోంచి తీసేశారు. కింద జ్ఞానప్రసూన అని పేరుండేది, అది కూడా పోయింది. తాళంచెవి ఇచ్చేసి వస్తుంటే డెనీస్ తలుపుదాకా వచ్చి, వెనకే గడియ పెట్టుకుంది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

ట్రూడీ దగ్గరికి వెళ్ళొద్దన్నాడు శ్రీహర్ష. వెళ్ళింది. గురువారమే వెళ్ళింది. ట్రూడీ కిటికీ పక్క కూర్చుని ఉంది. డెనీస్ అప్పటికే చెప్పేసిందని మొహం చూడగానే తెలిసింది.

"అసలు వాక్యం చదువు," అంది ట్రూడీ.

ప్రసూనకి అది నోటికొచ్చు. "నాకిక్కడ ఎవరూ లేరు. నా వల్ల ఎవరికీ భారం లేదు."

ట్రూడీ తల ఊపింది. "మా నాన్న అన్నది నిజమేనన్నమాట. అది తెలిస్తే ఒక వారం ఏడ్చేదాన్ని. తొంభై రెండేళ్ళదాన్ని, ఏడవడం నాకు చేతకాదనుకున్నావా?" అంది. అరవలేదు. "మా తాత వాళ్ళమ్మకి అబద్ధాలు రాశాడు. నువ్వు నాకు చదివి వినిపించావు. ఆయన కనీసం ఆవిడ కొడుకు."

"క్షమించండి ట్రూడీ. మీరు బాధపడతారని..."

"కుక్క ఉందా?"

"ఏమిటి?"

"బెల్లో. టమాటా రసం. అది ఉత్తరంలో ఉందా?"

"ఉంది ట్రూడీ. అదంతా నిజం. ఒక్క అక్షరం కూడా నేను కలపలేదు."

ట్రూడీ కిటికీ వైపు తిరిగింది. "నువ్వు అలాగే అంటావు," అంది. ఆ తర్వాత ఎంతసేపు నిలబడినా ఇటు తిరగలేదు.

ఇంట్లో ప్రసూన నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. శ్రీహర్ష మంచివాడే. ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, తనే కాఫీ కలిపి ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎందుకంత ఫీలవుతావ్? నువ్వేం చెడు చేశావ్? ఆవిడ మంచికోసమే కదా చెప్పావ్. అత్తయ్య గారు పోయినప్పుడు నీ విషయంలో మేం చేసింది కూడా అంతేగా," అన్నాడు.

కాఫీ గ్లాసు ప్రసూన చేతిలో అలాగే ఉండిపోయింది.

అది రెండువేల పదిహేడు నవంబరు. తెనాలిలో అమ్మకి స్ట్రోక్ వచ్చి, ఆసుపత్రిలో రెండు రోజులుండి పోయింది. ఆ సమయానికి వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, వెళితే మళ్ళీ రావడం కష్టం, ఇషిత చిన్నది. అన్నయ్య శశికాంత్, శ్రీహర్ష ఇద్దరూ మాట్లాడుకుని ప్రసూనకి చెప్పకూడదనుకున్నారు. పదకొండు రోజులు. రోజూ ఫోన్ చేసేది. "అమ్మ పడుకుందే" అనేవాడు అన్నయ్య. "స్నానానికెళ్ళింది" అనేది వదిన. ఒకరోజు ప్రసూన "సరేలే, నిద్ర లేపకండి" అని కూడా అంది. కర్మకాండంతా అయ్యాక పన్నెండో రోజు చెప్పారు. ఆనాడు వాళ్ళిద్దరినీ ఆమె నరికేసేదే. నరకకుండా ఆపింది అన్నయ్య చెప్పిన ఒక్క మాట. "పోయేముందు నీ పేరే పిలిచిందే. ప్రసూన వచ్చిందా అని అడిగింది. అదే ఆఖరి మాట."

ఆ మాట పట్టుకునే ఎనిమిదేళ్ళు బతికింది. వంట చేస్తూ అనుకునేది, డ్రైవ్ చేస్తూ అనుకునేది. అమ్మని చివరిచూపు చూడలేకపోయినా, అమ్మ నోట్లో తన పేరుందని. ట్రూడీ మంచం పక్కన కూర్చున్నప్పుడు, తనకెవరో ఇచ్చినట్టే తను ఇంకొకరికి ఇస్తున్నాననుకుంది.

మర్నాడు పొద్దున్న ఇషితని స్కూల్‌లో దింపి, పార్కింగ్‌లాట్‌లో కార్ ఆపుకుని ఫోన్ తీసింది. అక్కడ సాయంత్రం ఏడు దాటుంటుంది. అన్నయ్య మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమే ప్రసూనా, ఇప్పుడు చేశావేంటి? పిల్ల బాగుందా?"

"బాగుంది. అన్నయ్యా, ఒకటడుగుతాను, నిజం చెప్పు. అమ్మ నిజంగా నా పేరు పిలిచిందా?"

వెనకాల టీవీ వినిపిస్తోంది. ఎవరో దాని సౌండు తగ్గించారు. ఇటు ఇంకా పిల్లల్ని దింపే కార్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

"ఎందుకే ఇప్పుడు ఆ సంగతి?" అన్నాడు అన్నయ్య. గొంతు బాగా తగ్గించి, "వదిన ఏమైనా చెప్పిందా?" అని అడిగాడు.

ప్రసూన కళ్ళు మూసుకుంది.

"లేదన్నయ్యా," అంది. "వదిన ఏమీ చెప్పలేదు."